గోస్తనిని ఎక్కడ కొలవాలి

గోస్తని నది పుట్టిన చోటు ఇదీ అని ఒక్క చోటు చూపించలేం. అనంతగిరి కొండల్లో ఎన్నో ఊటలు గెడ్డల్లో కలుస్తాయి. ఆ గెడ్డల నీరు బొర్రా దగ్గర సున్నపురాయి కొండ కడుపులోంచి దారి చేసుకుంటుంది. బొర్రా గుహలు ఆ నీటి పనే. వాననీటిలో ఉండే కొద్దిపాటి ఆమ్లం సున్నపురాయిని కరిగిస్తుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి చుక్క చుక్కగా జారి మళ్లీ రాయవుతుంది. ఏ రాయిని తాకితే ఆ రాయి ఆనవాలు నీటికి అంటుతుందని బొర్రా చూసిన ఎవరికైనా తెలుస్తుంది. గని కోసం తవ్వి వదిలేసిన గుంతలోంచి పారే నీటికీ అంతే.

బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు కాల్‌సైట్, అభ్రకం గనులకు ప్రైవేటు లీజులిచ్చారు. గిరిజనుల తరఫున సమత సంస్థ నడిపిన వ్యాజ్యంలో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గాని, ప్రైవేటు కంపెనీలకు గాని లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. ఆ తీర్పును అందరూ భూమి హక్కు తీర్పుగా చదువుతారు. గోస్తని వెంట నడుస్తూ చదివితే అది నీళ్ల తీర్పు కూడా. ఇదే కొండల్లో గాలికొండ, రక్తకొండల మీద బాక్సైట్ ఉంది. దాన్ని తవ్వి శృంగవరపుకోట వైపు అల్యూమినా కర్మాగారానికి పంపాలని 2005లో ఒప్పందం కుదిరింది, గిరిజనులు గట్టిగా ఎదిరించారు. కొండ నెత్తిన ఉండే బాక్సైట్ పొర వాననీటిని పట్టి ఉంచి, కింది ఊటలకు మెల్లగా వదులుతుంది. ఆ పొర పోతే ఎండాకాలం గెడ్డ ఏమవుతుందో గూడెంలో ఎవరినడిగినా చెబుతారు.

గని ఆగినా, పూడ్చినా, పైన మొక్కలు నాటినా నీళ్ల పని అంతటితో అయిపోదు. ఈ సంగతి బాగా తెలిసింది బొగ్గు నేలల్లోనే. గోదావరి లోయలోని సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తవ్విపోసిన మట్టి కొండలై నిలుస్తుంది. గట్టి రాతి పొరల్లో ఒకప్పుడు నెమ్మదిగా కదిలిన భూగర్భజలం వదులు మట్టిలో కొత్త దారులు వెతుక్కుంటుంది. బొగ్గు పొరల్లోని పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుట్టి, ఇనుము కరిగి, వాగు ఎర్రబారుతుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి, అమెరికాలోని అపలాచియా కొండల్లో కనిపించినంత ఆమ్లపు వాగులు మనకు లేవు. కానీ మట్టి కొట్టుకురావడం, సల్ఫేటు పెరగడం, బావుల మట్టం మారడం ఇక్కడా చూడాల్సినవే.

అపలాచియా అనుభవంతోనే అమెరికా 1977లో ఉపరితల బొగ్గు గనులకు ఒక చట్టం చేసింది. తవ్వక ముందే నీళ్ల స్థితి రాసి పెట్టాలి. తవ్వుతున్నంత కాలం, పూడ్చాక కూడా వాగునూ బావులనూ కొలిచి, మూడు నెలలకోసారి లెక్క చూపాలి. వాగులో ప్రవాహం, పీహెచ్, ఇనుము, మాంగనీసు, తేలే మట్టి, కరిగిన లవణాలు కొలవాలి. పచ్చదనం వేశాక వాన బాగా పడే చోట కనీసం 5 ఏళ్లు, పొడి నేలల్లో 10 ఏళ్లు బాధ్యత కంపెనీదే. అది తీరేదాకా కంపెనీ ముందుగా కట్టిన జామీను సొమ్ము పూర్తిగా చేతికి రాదు. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మొదటి షరతే. మొదటి కొలత లేకపోతే తర్వాతి కొలతలన్నీ వాదనకే పనికొస్తాయి, రుజువుకు కాదు.

నాణ్యత ఒక్కటే కొలిస్తే చాలదు. ఎండాకాలం ఒక గెడ్డలో సెకనుకు 10 లీటర్లు పారుతూ, లీటరుకు 200 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉందనుకుందాం. రోజుకు కిందికి పోయేది దాదాపు 173 కిలోలు. వానాకాలం అదే గెడ్డ సెకనుకు 1,000 లీటర్లు పారి, సల్ఫేటు 50కి పడిపోతే కాగితం మీద నీరు బాగుపడినట్టే. కానీ రోజుకు దిగిపోయేది 4,320 కిలోలు. ఇంకో చిక్కూ ఉంది. బొర్రా లాంటి సున్నపు నేల ఆమ్లాన్ని విరిచేస్తుంది కాబట్టి పీహెచ్ మామూలుగానే కనిపిస్తుంది, సల్ఫేటు మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. పీహెచ్ కాగితం ముంచి చూసి ఊరుకుంటే అది దొరకదు.

కొండ దిగిన గోస్తని తాటిపూడి దగ్గర ఆగుతుంది. 1960ల్లో కట్టిన ఆ జలాశయం విజయనగరం వైపు సుమారు 15 వేల ఎకరాలకు సాగునీరు, విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది. కొండ నుంచి వచ్చిన మట్టిలో చాలా భాగం అక్కడే దిగబడుతుంది. అందుకే తాటిపూడి దిగువన తేట నీరు చూసి పైన అంతా బాగుందనుకోకూడదు.

జామి దాటి పద్మనాభం చేరేసరికి నది వెడల్పై, ఇసుకలోకి ఇంకుతూ నడుస్తుంది. 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామ గజపతిరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి పడిపోయిన నేల ఇది. అనంత పద్మనాభస్వామి కొండ మెట్లెక్కి చూస్తే నది పొలాల మధ్య వంపులు తిరుగుతూ కనబడుతుంది. ఈ దిగువ గోస్తనిలో ఊటబావులు తవ్వి నగరానికి నీళ్లు తోడుకుంటారు. ఇసుక ఇక్కడ వడపోత పొర. దాన్ని ఎత్తుకుపోతే బావికి వచ్చే నీరూ తగ్గుతుంది, వడపోతా తగ్గుతుంది. కరిగిన లవణాన్ని మాత్రం ఏ ఇసుకా పట్టుకోలేదు.

జిల్లాలు మారిన 2022 నుంచి ఈ నది మూడు జిల్లాల్లో పారుతోంది. పుట్టుక అల్లూరి సీతారామరాజు జిల్లాలో, జలాశయం విజయనగరంలో, పద్మనాభం విశాఖలో. మూడు కలెక్టరేట్లకు మూడు దస్త్రాలు ఉండొచ్చు, నది ఒక్కటే. బొర్రా దిగువ గెడ్డలో ఒక గేజీ, తాటిపూడిలోకి నీరు చేరే చోట ఒకటి, పద్మనాభం దగ్గర ఒకటి పెట్టి, అదే రోజు ప్రవాహమూ నాణ్యతా కలిపి రాసి, ఒకే పుస్తకంలో ఉంచితే పైన జరిగిన మార్పు కింద ఎన్నాళ్లకు, ఎంతగా చేరుతుందో తెలుస్తుంది. ఆ పుస్తకం గూడెం వాళ్లకూ, ఆయకట్టు రైతులకూ అందుబాటులో ఉండాలి.

భీమిలిలో కొలిస్తే లాభం లేదు. అక్కడ గోస్తని మొగలోకి సముద్రపు పోటు ఎక్కుతుంది, ఉప్పు శాతం చూసి కొండ సంగతి చెప్పలేం. నది తగ్గినప్పుడు ఉప్పునీరు ఇంకాస్త లోపలికి వస్తుంది కూడా. పోటు తగలని దిగువ చోటు పద్మనాభం కాబట్టి, చివరి గేజీ అక్కడే పాతాలి.