ఎర్ర మొక్క

కువైట్‌లో నేను హౌస్ డ్రైవర్‌ని. బండి తుడిచాక హాల్లో చేపల తొట్టి పని కూడా నాదే. అందులో ఎర్రగా ఉండాల్సిన మొక్క పచ్చబడిపోయింది. బాబా చూసి "నెల చూస్తా, లేకుంటే తీసేస్తా" అన్నాడు. మొక్కనో, నన్నో అర్థం కాలేదు.

వెలుతురు చాలదనుకుని పగలూ రాత్రీ లైటు వేశాను. ఆకులు ఎర్రబడలేదు సరికదా అద్దమంతా పాచి పట్టింది. చేపల దుకాణంలో పనిచేసే మలయాళీ అన్న నవ్వి వివరం చెప్పాడు. లైటు గట్టిదే ఉండాలి, కానీ రోజుకు 8 గంటలు చాలు. గట్టి వెలుగును తట్టుకోడానికే ఆకు ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు తయారుచేసుకుంటుందట. కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదలాలి, ఐరన్ మందు కొద్దిగా వేయాలి. చేపలకు మేత ఎక్కువైతే నీళ్ళలో నైట్రేట్ పెరిగి ఈ రకం మళ్ళీ పచ్చబడుతుంది. ఇక ఎండాకాలం మేడమీది ట్యాంకు నీళ్ళ సంగతి మనకు తెలిసిందే, చెయ్యి పెట్టలేం. రాత్రే బకెట్లో పట్టి చల్లారనిచ్చి పోస్తున్నాను.

పాత ఆకులు మారలేదు. మూడోవారానికి కొత్త చివుర్లు మాత్రం ఎర్రగా వచ్చాయి. బాబా చూశాడు, ఏమీ అనలేదు.

దాని పేరు రోటాలా. మన వరిమళ్ళలో మొలిచే కలుపు జాతిదే. మా అమ్మ కూలికెళ్ళి పీకి గట్టున పారేసేది. ఫోనులో చెబితే "కలుపుకు ఎరువేస్తున్నావా నాయనా?" అంది.