బడి అంటే ‘మణి’

మా చిన్నోడు ‘బడి’ అంటే ‘మణి’ అని వినపడేది. ‘బాబాయ్’ అంటే ‘మామాయ్’. ఇంట్లో మాకు అర్థమయ్యేది గానీ, రామగిరి మండలంలోని మా సెంటినరీ కాలనీలో తోటి పిల్లలు నవ్వేవారు. ఒకటో తరగతికి వచ్చేసరికి తలూపడమే తప్ప మాట్లాడటం మానేశాడు.

వాడు అంగుట్లో చీలికతో పుట్టాడు. ‘కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది’ అనేది మా అత్తమ్మ. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. కడుపులో బిడ్డకు మూడో నెల దాటేలోపే అంగుడు రెండు వైపుల నుంచీ వచ్చి అతుక్కోవాలి, వీడికి అతుక్కోలేదు. ఏడాది వయసులో కుట్టారు. పాలు ముక్కులోంచి రావడం ఆగింది. మాట మాత్రం ముక్కులోంచే వచ్చేది.

హైదరాబాద్‌లో స్పీచ్ థెరపిస్టు వాడి ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ‘పప్పు, కాకి’ అనమంది. అద్దం మీద ఆవిరి పట్టింది. మన అక్షరాల్లో మ, న, ణ లాంటి వాటికే గాలి ముక్కులోకి పోవాలి. మిగతావాటికి కొండనాలుక దగ్గరి మెత్తటి అంగుడు పైకి లేచి, గొంతు వెనక గోడకు ఆని ఆ దారి మూయాలి. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూస్తే, వాడి అంగుడు లేస్తోంది గానీ గోడను అందుకోవడం లేదు. ఆ సందు కసరత్తులతో మూసుకోదు, ఇంకో ఆపరేషన్ కావాలన్నారు.

గొంతు వెనక గోడ నుంచి కొంచెం కండ మలిచి అంగుటికి కుడతారు. అటూ ఇటూ ఊపిరికి దారులు వదులుతారు. గురక రావచ్చని, నిద్రలో ఊపిరి గమనిస్తూ ఉండాలని ముందే చెప్పారు. ఆ మాట విని నేను వెనకాడాను. “ఎట్ల మాట్లాడినా నా మనుమడు నాకు ముద్దే, మళ్లా కోత ఎందుకు?” అంది అత్తమ్మ. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన, “మనకు ముద్దే అమ్మా, రేపు వాడు నలుగురిల మాట్లాడొద్దా?” అన్నారు.

చేయించాం. మూడు వారాలు జావ, మెత్తటి అన్నమే. మాట వెంటనే తేటపడలేదు. డాక్టరు సందు మూశారు, కొత్తగా పలకడం నేర్పింది మాత్రం థెరపీ. ఏడు నెలలు రోజూ అరగంట, వంటింట్లో పీట వేసుకుని ‘పలక, బలపం, బడి’. ఇప్పటికీ ‘స’ కొంచెం జారుతుంది. రాత్రి గురక పెడితే లేచి చూస్తుంటాను. కానీ మొన్న ఒక్కడే కిరాణం దుకాణానికి పోయి “పావుకిలో బెల్లం” అని అడిగి తెచ్చాడు. దుకాణమాయన ‘ఏంది?’ అని మళ్లీ అడగలేదట.

అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ పిల్లలను చూడటానికి వచ్చే వైద్య బృందాలు గ్రహణం మొర్రిని కూడా చూస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అది. చీలిక కుట్టేశారు కదా అని ఊరుకోకండి. నాలుగైదేళ్లకీ మాట ముక్కులోంచి వస్తుంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. ‘సరిగ్గా అనరా’ అని మాత్రం బిడ్డను కసరకండి. అది వాడి చేతిలో లేదు.