జంట కటకాల కెమెరా

మా అమ్మీ ఛాయాచిత్రం ఇంట్లో ఒక్కటైనా లేదన్న కొరతే మమ్మల్ని ఈ అన్వేషణకు పురికొల్పింది. కెమెరా ముఖానికెత్తితే చాలు, ఆమె కొంగు చాటు చేసుకొనేది. జంట కటకాల కెమెరాలోనైతే తల వంచి పైనుండి చూడాలి. ఎదుటివారిని తేరిపార చూచినట్లుండదు.

1929లో జర్మనీలో వెలసిన రోలైఫ్లెక్స్ ఈ జాతికి రాజు; అధ్యాపకుని జీతానికి అందని రాజు. లుబిటెల్ చౌకే గాని, నడుమనున్న చిన్న గరుకు చుక్కపైనే స్పష్టత తేల్చుకోవాలి. మా కళ్ళకది చాలలేదు. యాషికా 124జీ లోని కాంతిమాపకానికి కావలసిన పాదరసపు ఘటం తయారీయే నిలిచిపోయింది. పనికిరాని మాపకానికి అదనపు వెల ఎందుకు? మాపకం లేని యాషికా డీ చాలుననుకొన్నాము.

మొదట చూచినదాని కటకంలో టార్చి వేస్తే సాలెపోగుల వంటి బూజు, దుకాణదారు దుమ్మేనన్నాడు! రెండవదాని షట్టరు ఒక సెకను వేగంలో తెరచుకొని మూసుకోలేదు. మూడవది కొన్నాము.

ఫిల్ముకు పన్నెండే చిత్రాలు గదా. అద్దంలో కుడి ఎడమలు తారుమారగుటచే ఏడింట అమ్మీ అంచు దాటిపోయింది. ఎనిమిదవదానిలో మాత్రం బియ్యంలో రాళ్ళేరుతూ, "ఇంకా తీయలేదా?" అని తలెత్తి అడుగుతున్నది.