నాలుగు పోర్షన్ల ఇల్లు

సంఘపు ఇంట్లో కాపురముంటున్న మాకు రిటైరయ్యాక తలదాచుకొనే చోటు లేదు. తాతలనాటి ఎకరం అమ్మిన సొమ్ము చేతిలో ఉండగా, నాలుగు పోర్షన్ల ఇల్లొకటి బ్యాంకు వేలానికి వచ్చిందని పేపరులో చూశాము. మూడింటి అద్దెతో జీవనం, నాల్గవదానిలో నివాసం! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కనీస ధర 28 లక్షలు. అందులో పదోవంతు ముందే ధరావతు కట్టాలి. పాట మనకు దక్కితే ఆనాడో మర్నాటి పనిదినానో పాట ధరలో నాల్గవవంతు పూర్తిచేయాలి, మిగతాది 15 రోజుల్లో. తప్పితే కట్టినది పోతుంది. దశమభాగం గురించి ఏళ్లుగా బోధిస్తున్నాము గాని, ఈ పదోవంతు మాకు కొత్త. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించాము.

ఇల్లు చూడబోతే, అద్దెకున్న ముసలమ్మ, "అయ్యగారూ, మా అడ్వాన్సు ఎవరిస్తారు?" అంది. అప్పుపడిన ఇంటాయన వెనుక గదిలో తల వంచుకొని కూర్చున్నాడు. నాబోతు ద్రాక్షతోట మీద ఎన్ని ప్రసంగాలు చేశామో! అది వేరు, ఇది 2002 నాటి చట్టప్రకారం జరిగేదే అని ఒకరికొకరం చెప్పుకొన్నాము. అయినా దారి పొడుగునా మాటల్లేవు.

లూకా 14లో గోపురం కట్టగోరినవాని లెక్క తలంచుకొని, "30 లక్షలు దాటకూడదు" అని వ్రాసి బైబిలులో పెట్టుకొని ఆన్‌లైను పాటకు కూర్చున్నాము. పాట దాటింది. మాలో ఒకరికి ఇంకొక్క మెట్టు వేయాలనిపించింది, ఎవరికో చెప్పనక్కరలేదు. రెండవవారు ఆ కాగితం తీసి ఎదుట పెట్టారు.

ధరావతు తిరిగివచ్చింది. ముసలమ్మకు అడ్వాన్సు ముట్టిందో లేదో కనుక్కోవడానికి సోమవారం వెళ్తున్నాము.