గుడిస కొండదారి – చక్రముల సంగతి

యాత్రలకు బోవువారు కొండలను జూతురు, కోనలను జూతురు. తమ్ము మోసికొనిపోవు చక్రములను జూచువారు అరుదు. తిరగలికి గంట్లు అరిగినచో గింజ నలుగదని మనలో నెరుగని వారెవ్వరు? బండిచక్రమునకును గంట్లే ప్రాణమని మారేడుమిల్లి ప్రాంతమున మాకు బోధపడినది. ఆ సంగతులనే సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

కార్తికమాసమున రెండు దినములు సెలవు దొరకగా, మావారు, పిల్లలు, మేము రాజమహేంద్రవరమునుండి బస్సులో బయలుదేరి, రంపచోడవరము మీదుగా మారేడుమిల్లి చేరితిమి. అంతవరకు తారురోడ్డే. అచ్చటినుండి పుల్లంగి మీదుగా గుడిస యను గడ్డికొండకు బోవలయును. లోయలలో దిగిన మంచుపై సూర్యోదయమును జూచుటకై జనులు తెల్లవారకమునుపే జీపులలో బయలుదేరుదురు. చివరి ఎక్కుడు దారి యంతయు రాళ్లు, ఎఱ్ఱమట్టి, వాననీరు కోసిన గండ్లు.

మామూలు కారులో ఇంజను బలము రెండు చక్రములకే చేరును. ఈ జీపులలో వేరొక పిడిని లాగినచో నాలుగింటికిని చేరును. కాని బలమెంత యున్నను నేలను పట్టుకొనవలసినది టైరే. అది జారినచో చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును గాని బండి అడుగైనను కదలదు.

మమ్ము గొనిపోయిన జీపు యజమానియే దానిని నడపువాడు. అతని టైరులకు బొటనవ్రేలు పట్టునంత సందులతో దళసరి రబ్బరు గట్లున్నవి. ఇంత సందు లేలయని మావారు అడుగగా నతడు, "బురదలో దిగితే ఈ సందుల్లోకి మట్టి పోతుందండి. చక్రం తిరిగేటప్పుడు దాన్ని విసిరేస్తుంది. సందు చిన్నదైతే మట్టి అందులోనే కూరుకుపోయి టైరు నున్నటి గుండులా అయిపోతుందండి" అని చెప్పెను. తారురోడ్డు మీద నీ టైరులే పెద్దమోత చేయుననియు, త్వరగా అరుగుననియు, వానకు తడిసిన తారుపై రబ్బరు తక్కువమేర తాకుటచేత బ్రేకు వేసినను బండి తొందరగా నిలువదనియు గూడ అతడే చెప్పెను. బురదకు మేలైనది తారుకు మేలు గాదన్నమాట.

ఎక్కుడు మొదలగుచోట అతడు దిగి, నాలుగు టైరులలోని గాలిని ముప్పది పౌండ్లనుండి ఇరువదికి దింపెను. గాలి తగ్గిన టైరు మెత్తబడి నేలపై నెక్కువమేర ఆనును. రాతిమీద ఎగిరిపడక దానికి ఒదిగిపోవును. తిరిగి తారుమీదికి వచ్చినతోడనే బ్యాటరీతో నడచు చిన్న పంపుతో గాలి నింపెను. గాలి తక్కువగా నుండగా వేగముగా బోయినచో టైరు వేడెక్కి పగులునట.

గడ్డిమీద మాత్రము అతడు పాతజాడ విడిచి చక్రము మోపలేదు. ఈ గట్లు గడ్డివేళ్లను కోయును. ఆ కోతనే వాననీరు పెద్దగండిగా జేయును. కొందరు వినోదమునకై త్రోవ విడిచి తోలిన గుర్తులు కొండపై గాయములవలె నగుపడినవి.

దిగివచ్చిన పిమ్మట టీదుకాణమువద్ద మరి యిద్దరు బండ్ల యజమానులతో మాటలు కలిసినవి. ఒకరు వెదురులారీ యజమాని. ఆయన లారీకి ముందుచక్రములకు నిలువుగీతల టైరులు, వెనుకచక్రములకు అడ్డుగట్ల టైరులు. ముందువి త్రోవ తప్పక తిరుగుటకు, వెనుకవి బరువు లాగుటకునట. వెనుక జంటచక్రముల నడుమ రాయి యిరికినచో రెండింటిని పాడుచేయును గనుక, బండి ఆగిన ప్రతిసారి ఇనుపకడ్డీతో చూచుకొనవలయునని చెప్పినారు.

రెండవవారు హైదరాబాదునుండి క్రొత్తబండిలో వచ్చిన యువకులు. వారివి తారుకును మట్టికిని నడిమిరకపు టైరులు. మొదట ఠీవికై కొలతకు మించిన పెద్దటైరులు వేయించుకొనగా, మలుపులలో అవి రేకును రాచుకొనెననియు, నూనెఖర్చు పెరిగెననియు, వేగము చూపు ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపెననియు చెప్పినారు. ఏడాది తిరుగకముందే మరల సరియైన కొలతకు వచ్చిరట.

జీపు యజమానియిల్లు ఆ దగ్గరనే. అతని భార్య మమ్ము కూర్చుండబెట్టి టీ యిచ్చినది. ఆమె చేతులకు మట్టిగాజులే యుండుట చూచి మేము ఊరకుంటిమి, ఆమెయే చెప్పినది. అంతకు ముందటి శ్రావణమున ఒక కొండపల్లెలో రాత్రివేళ ఒక పిల్లకు నొప్పులు వచ్చినవి. అంబులెన్సు తారు తుదవరకే రాగలిగినది. పల్లెవారు ఆమెను డోలీలో మోసికొని దిగుచుండగా ఇతడు జీపుతో ఎదురేగెను. టైరులు అరిగియుండుటచేత వాగుగట్టు ఎక్కలేక చక్రములు తిరిగినచోటనే తిరిగినవి. పదిమంది దిగి త్రోయగా గంటసేపటికి జీపు గట్టెక్కినది. తల్లియు బిడ్డయు బ్రతికిరి. మరునాడే ఆమె తన బంగారుగాజులు కుదువపెట్టించి నాలుగు క్రొత్తటైరులు వేయించినదట.

"గాజులు పెట్టెలో ఉంటే ఏం లాభమండీ అమ్మగారూ! బండి గట్టెక్కితేనే కదా మాకు కూడు, ఆ పిల్లకి ప్రాణం" అని ఆమె నవ్వినది. ఆ మాటకు బదులు మాకు తోచలేదు.

ఈ మన్యమునకు రోడ్లు ఊరక రాలేదు. గూడెము ప్రాంతమున రోడ్డుపనికై కొండవారిని బలవంతపెట్టి, చాలీచాలని కూలి యిచ్చుటయు 1922లో అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున చెలరేగిన తిరుగుబాటునకు కారణములలో నొకటి. యుద్ధమునకై 1941లో అమెరికాలో పెద్దయెత్తున తయారగుట మొదలైన జీపు, ఆ దశాబ్దపు చివరను మన దేశమున కూర్చబడజొచ్చినది. సేనలకై పుట్టిన బండి నేడు కొండపల్లెలలో ప్రసవమునకు బోవు స్త్రీని మోయుచున్నది. తారు చేరని ఊరికి ఆ రబ్బరుగట్లే రోడ్డు.

కొండయాత్రకు బండి కుదుర్చుకొను సోదరీమణులు బేరమునకు ముందు నాలుగు చక్రములచుట్టు ఒకమారు తిరిగి చూడవలయును. గంట్లు లోతుగా నున్నవా? సందులలో నడ్డముగా నుండు చిన్న రబ్బరుదిమ్మెలతో గట్లు సమమైనచో టైరుకు కాలము చెల్లినట్లే. నాలుగును ఒకే కొలతయేనా? కొలతలు వేరైనచో నాలుగు చక్రములను కలిపి నడపు పండ్లచక్రములు నలిగిపోవును. అదనపు టైరులో గాలి యున్నదా? టైరు ప్రక్కను కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకె లుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని అర్థము.

ఇవి పురుషులు చూచుకొందురులే యని మన మూరకుండరాదు. ఒడిలో బిడ్డను బెట్టుకొని ఆ బండిలో కూర్చుండువారము మనము. మన్యపు ఇల్లాలు తన గాజులకంటె నాలుగు టైరులే మేలని యెంచినది. ఆమెకు తెలిసినది మనకును తెలియుట మంచిది.