చెంచాడు తోడు

మొన్న అటక సర్దుతుంటే పాత డైరీలు ఏడెనిమిది బయటపడ్డాయి. ఏది తెరిచినా వరస ఒకటే. జనవరి ఒకటి నుంచి నా దస్తూరీ: ‘అయిదింటికి లేచాను. నలభై నిమిషాలు నడిచాను. కోపం తగ్గించుకోవాలి.’ అక్షరాలు గుండ్రంగా, కింద స్కేలు పెట్టి కొట్టిన గీత. నాలుగో తారీకుకి ఆ గీత చేత్తో గీసింది అవుతుంది. ఎనిమిదిన ‘లేచాను’ అని ఒక్క ముక్క. తొమ్మిదిన తెల్ల కాగితం. పది నుంచి మా ఆవిడ దస్తూరీ మొదలు: ‘పాలు రెండు ప్యాకెట్లు. శనివారం మూడు.’ డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఒక్క రోజు తప్పలేదు. అట్ట మీద మాత్రం ‘వ్యక్తిత్వ వికాసం’ అని నేనే ఎర్ర సిరాతో రాసి పెట్టాను.

నాకు తెలియక జరిగిన లోపం కాదిది. బెజవాడలో ఏటా జనవరి రాగానే పుస్తకాల పండగ వస్తుంది. స్వరాజ్య మైదానంలో జరిగే రోజుల నుంచీ నేను వెళ్తున్నాను. కథలు, నవలలు ఒక సంచిలోకి, ‘ఎదగడం ఎలా’ రకం పుస్తకాలు రెండో సంచిలోకి. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ మా ఇంట్లో రెండు ప్రతులున్నాయి. మొదటిది కొన్న సంగతి మరిచిపోయి రెండోది కొన్నాను. పట్టాభిరామ్ గారి పుస్తకాలు ఒక వరస, డేల్ కార్నెగీ తెలుగు అనువాదాలు ఒక వరస. అన్నిటికీ పెన్సిలు గీతలున్నాయి. గీత గీస్తున్నంత సేపూ మనిషికి పని అయిపోయినట్టే ఉంటుంది. నాకు తెలిసి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

పురాణంలో వంకాయల కథ మనందరికీ తెలిసిందే. పురాణం చెప్పే పంతులుగారు వంకాయ తినరాదని సభలో చెప్పారు. విని ఇంటికొచ్చిన భార్య ఉన్న వంకాయల్ని పెంట మీద పారేసింది. ఆయన భోజనానికి కూర్చుని, ‘ఓసి పిచ్చిదానా, అవి పురాణంలో వంకాయలే, మనింట్లోవి కావు’ అన్నారట. పంతులుగారిని చూసి నవ్వుతాం గానీ, ఆఫీసులో కుర్రాళ్లకి సమయపాలన మీద గంటసేపు చెప్పి, ఆ గంటలో చెయ్యాల్సిన ఫైలు మర్నాటికి వాయిదా వేసిన వాణ్ని నేను. నా పుస్తకాల్లో ఉన్నవన్నీ పురాణంలో వంకాయలే.

రెండేళ్ల కిందట డాక్టరుగారు రిపోర్టు చూసి, ‘షుగరు సరిహద్దులో ఉంది, నడక వల్ల ఉపయోగం ఏమిటో తెలుసా?’ అని అడిగారు. అడగడమే తప్పయింది. కండరాలు చక్కెరని ఎలా వాడుకుంటాయో, భోజనం తర్వాత నడిస్తే ఏమవుతుందో పది నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ‘అన్నీ తెలిసినవారే. మరి ఎన్నింటికి నడుస్తారు?’ అన్నారు.

‘రేపట్నుంచి’ అన్నాను.

‘ఎన్నింటికి అని కదా అడిగాను!’

ఒకప్పుడు మన ఊళ్లలో ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. రాత్రిపూట వచ్చే దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందని, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుకుంటుందని నమ్మకం. నేను దయ్యానికి బదులు పనికి రాసి పెట్టుకున్నాను. పాపం, పని కూడా రోజూ వచ్చి, చదువుకుని, పోతూనే ఉంది. ‘రేపు’ అన్న మాటకి గంట లేదు, చోటు లేదు. అందుకే అది ఎన్నటికీ రాదు.

డాక్టరుగారి ప్రశ్న ఎంత లోతైనదో తర్వాత తెలిసింది. 2002లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక పరిశోధనలో 248 మంది విద్యార్థుల్ని మూడు జట్లు చేశారు. వచ్చే వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టి వ్యాయామం చెయ్యాలి. ఒక జట్టుకి ఏ బోధా లేదు, వాళ్లలో చేసినవాళ్లు నూటికి 38. రెండో జట్టు చేత వ్యాయామం గుండెకి ఎంత మంచిదో చదివించారు. చేసినవాళ్లు 35. చదువు వల్ల మనసులో కోరిక పెరిగింది గానీ కాలు కదల్లేదు. మూడో జట్టు కూడా అదే చదివింది. దానికి తోడు, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తానో ఒక వాక్యం రాసింది. చేసినవాళ్లు 91. నా రెండో సంచి పుస్తకాలన్నీ కలిపి చెయ్యలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది.

మా ఇంట్లో ఆ వాక్యం రాసింది కూడా మా ఆవిడే. కాగితం మీద కాదు. ఒక రాత్రి పడుకోబోతూ, ‘ఏవండీ, రేపట్నుంచి పాలు మీరే తేవాలి’ అంది. సందు చివర కొట్టు ఉంది కదా, పెద్ద పనా అనుకున్నాను. ‘ఆ కొట్లో కాదు, కాలువ అవతల బూత్‌లో. ఆరింటికి తాజావి వస్తాయి’ అంది. పొద్దున్నే చెప్పుల పక్కన సంచి, అందులో చిల్లర సిద్ధంగా ఉన్నాయి. వెళ్లి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అటూ ఇటూ కలిపి ఎంత దూరమో లెక్క కడుతుంటే అసలు సంగతి అర్థమైంది. నేను నడవలేదు, పాలు తెచ్చాను. పాలు లేకపోతే కాఫీ లేదు, కాఫీ లేకపోతే మా ఇంట్లో తెల్లవారదు. ‘రేపు రా’ అని రాసే వీల్లేని పనికి ఆవిడ నా నడకని ముడి వేసింది.

ఆవిడకి ఈ విద్య ఎక్కడిదా అని కొన్నాళ్లు గమనించాను. వంటింట్లో దొరికింది. రాత్రి పాలు కాచి దించుతుంది. చిటికెన వేలు ముంచి చూస్తుంది. మరీ వేడిగా ఉంటే ఆగుతుంది, ఆ వేడిలో తోడు వేస్తే పెరుగు సరిగా రాదు. బాగా చల్లారితే తోడుకోదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు నిన్నటి పెరుగు ఒక్క చెంచాడు కలిపి మూత పెడుతుంది. ఇక తెల్లారేదాకా గిన్నె కదపదు. జనవరి ఒకటిన నేను మరిగే పాలలో తోడు వేసేవాణ్ని. అయిదింటికి లేవడం, నడక, కోపం మానడం, ఇంగ్లీషు నేర్చుకోవడం అన్నీ ఒకే రోజు. పైగా గంటకోసారి మూత తీసి తోడుకుందా లేదా అని చూసుకోవడం. ఇంకో సంగతి. ఎన్ని లీటర్ల పాలున్నా, చెంచాడు నిన్నటి పెరుగు లేకపోతే ఇవాళ పెరుగు లేదు. చదువు పాల లాంటిది. నిన్న చేసిన కాస్త పని తోడు లాంటిది. అది ఎంత కొంచెమైనా ఫరవాలేదు, నిన్నటిది అయి ఉండాలి.

మరి ఒకరోజు తప్పితే? నా డైరీలన్నీ ఆ ఒక్కరోజు దగ్గరే ఆగిపోయాయి. ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన పుస్తకం పుణ్యమా అని, ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని లోకమంతా నమ్మింది. నిజానికి ఆయన చెప్పింది, మనిషి మారిన ముఖానికి అలవాటుపడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రకటించిన అంచనా వేరు. అలవాటు కుదరడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు, నడిమి లెక్క 66. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్దగా తేడా రాలేదని కూడా తేల్చారు. మా ఇంట్లో తోడు అయిపోతే పక్కింటి పిన్నిగారిని అడిగి చెంచాడు తెచ్చుకుంటాం, అంతేగానీ ఇక పెరుగే తినమని ఒట్టు పెట్టుకోం.

తప్పడం పెద్దలకీ తప్పలేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలు రాసుకుని, వారానికొకటి చొప్పున సాధన చేసేవాడు. తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టేవాడు. పాత చుక్కలు చెరిపి కొత్తవి పెట్టగా పెట్టగా కాగితం చిల్లులు పడింది. చివరికి తడి స్పాంజితో తుడిచేసే వీలుందని దంతపు రేకుల మీదకి మార్చుకున్నాడు. వస్తువుల్ని క్రమంలో పెట్టుకోవడం మాత్రం తనకి చివరిదాకా పట్టుబడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. నా డైరీల్లో ఒక్క చిల్లు లేదు.

రెండేళ్లలో నాలుగైదుసార్లు జ్వరం వచ్చి, వానలు పట్టి పాలకి వెళ్లలేదు. మళ్లీ వెళ్లాను. బూత్ దగ్గర ఇద్దరు స్నేహితులయ్యారు. నేను రాకపోతే ఫోన్ చేస్తారు, ఆ తోడు వేరే. షుగరు ఇంకా సరిహద్దులోనే ఉంది, ఇవతలికి రాలేదు గానీ అవతలికీ పోలేదు. కోపం సంగతి మా ఆవిడని అడగాలి.

మీరు కూడా ఈ వ్యాసంలో నచ్చిన చోట గీత గీయబోతుంటే ఒక్క క్షణం ఆగండి. అదే పెన్సిలుతో పక్కన ఖాళీలో రేపు ఏం చేస్తారో, ఎన్నింటికో, ఎక్కడో రాయండి. ఒక్క పని చాలు.