కాలిన రొట్టె, పాట నేర్చిన పిట్ట

'ది హంగర్ గేమ్స్' చదివారా? చదవకపోతే ఈ వారం పనులన్నీ కాస్త పక్కకి జరపండి. సుజాన్ కాలిన్స్ రాసిన ఈ నవల 2008లో అమెరికాలో అచ్చయింది. 2012లో సినిమాగా కూడా వచ్చింది. లోకమంతా ఎప్పుడో చదివేసిన పుస్తకం నాకు ఇప్పుడు దొరికింది. దొరికిన దగ్గర్నుంచి కనబడిన ప్రతి ఒక్కరికీ దీని గురించే చెబుతున్నాను.

ఉత్తర అమెరికా నాశనమైపోయాక అక్కడ వెలసిన దేశం పానెం. విలాసాల్లో తేలే కాపిటల్ నగరం, దానికి చాకిరీ చేసే పన్నెండు జిల్లాలు. ఒకప్పుడు తిరగబడ్డారు కాబట్టి శిక్షగా ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి పట్టుకుపోతారు. ఆ 24 మంది పిల్లలు ఒక్కరే మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. టీవీలో ఛానళ్లు తిప్పుతున్నప్పుడు ఒకచోట రియాలిటీ షో, ఇంకోచోట ఇరాక్ యుద్ధం కనబడి, ఆ రెండూ మనసులో కలగలిసిపోయాయని, అక్కడే ఈ కథ మొదలైందని రచయిత్రి చెప్పారు. ఏథెన్స్ పిల్లల్ని మినోటార్‌కి బలిగా పంపే గ్రీకు గాథ కూడా దీని వెనక ఉంది.

ఇంతవరకూ వింటే ఇదంతా కత్తులూ బాణాల కథ అనుకుంటారు. నన్ను పట్టి కుదిపేసింది మాత్రం ఇందులోని తిండి! కథ చెప్పే పదహారేళ్ల కాట్నిస్ ఎవర్డీన్ బొగ్గుగనుల పల్లె పిల్ల. తండ్రి గని పేలుడులో పోయాడు. పేజీ తిప్పితే చాలు, ఎవరు ఏం తిన్నారు, ఎక్కణ్ణుంచి తెచ్చారు, రేపటికి ఏముంది అన్న లెక్కే. చీటీల పద్ధతి చూడండి. పన్నెండేళ్లకి ఒక చీటీ, పదమూడుకి రెండు, అలా ఏటా ఒకటి పెరుగుతుంది. ఇంట్లో గింజలు లేనివాళ్లు తమ పేరుతో ఇంకో చీటీ వేయించుకుంటే, ఒక మనిషికి ఏడాదికని కాసిని గింజలూ నూనే ఇస్తారు. కాట్నిస్ తనకీ అమ్మకీ చెల్లికీ కలిపి ఏటా మూడేసి తీసుకుంది. ఐదేళ్లలో పదిహేను, వయసుతో వచ్చినవి ఐదు, మొత్తం 20. పెద్ద కుటుంబాన్ని మోస్తున్న ఆమె స్నేహితుడు గేల్‌కి 42. ఆకలి ఎక్కువైన కొద్దీ చావు దగ్గరవుతుంది. ప్రభుత్వపు క్రూరత్వాన్ని ఇంత చిన్న ఎక్కంలో చూపించిన రచన నేను ఇంకోటి చదవలేదు. చెల్లి ప్రిమ్‌ని మాత్రం కాట్నిస్ ఆ గింజలు తీసుకోనివ్వదు. కుండీలో ప్రిమ్ పేరున్నది ఒకే ఒక్క చీటీ. వచ్చేది అదే! చెల్లికి బదులు నేను వెళ్తానని అక్క ముందుకొస్తుంది.

అప్పుడు ఊరి జనం చప్పట్లు కొట్టరు. ఎడమచేతి మూడు వేళ్లు పెదాలకి ఆనించి, ఆమె వైపు చాచి నిలబడతారు. పుస్తకంలోంచి, సినిమాలోంచి ఆ సైగ నిజం వీధుల్లోకి నడిచొచ్చింది. 2014లో థాయ్‌లాండ్‌లో సైనిక పాలనని ఎదిరించినవాళ్లు మూడు వేళ్లు ఎత్తారు, అందుకు అరెస్టులు కూడా అయ్యాయి. 2021లో మయన్మార్‌లోనూ అదే గుర్తు.

ఈ నవలలో ప్రతీకలన్నీ ముందు పనికొచ్చే వస్తువులు. రొట్టెనే తీసుకోండి. తండ్రి పోయాక, పదకొండేళ్ల కాట్నిస్ వానలో తడుస్తూ రొట్టెలవాళ్ల ఇంటి వెనక చెత్తడబ్బాలు వెతుకుతుంది. వాళ్లబ్బాయి పీటా రెండు రొట్టెలు కావాలనే మాడబెట్టి, తల్లి చేత దెబ్బ తిని, వాటిని ఆమెకేసి విసిరేస్తాడు. మర్నాడు బడిలో కాట్నిస్‌కి డాండెలయన్ పువ్వు కనబడుతుంది. ఆ ఆకు తినొచ్చు, నాన్న అడవిలో చూపించినవి ఇంకా ఎన్నో తినొచ్చు అని ఠక్కున తడుతుంది. ఆశ అనే మాటకి ఇంతకన్నా నిఖార్సయిన బొమ్మ ఏముంటుంది? అది కూరాకు కాబట్టే నమ్మాను.

కథ ముందే తెలియడం ఇష్టం లేనివాళ్లు ఈ పేరా దాటేయండి. ఆటలో కాట్నిస్‌కి తోడయ్యే పన్నెండేళ్ల రూ, పొలాలూ తోటల జిల్లా పిల్ల. చెట్టు చిటారుకొమ్మన కూర్చుని, పని ముగిసిందని నాలుగు స్వరాలు పాడితే మాకింగ్‌జే పిట్టలు అందుకుని తోటంతా వినిపిస్తాయట. ఆ పిట్టల పుట్టుకే ఒక గొప్ప కథ. మనుషుల మాటలు దొంగచాటుగా విని అప్పజెప్పడానికి కాపిటల్ జాబర్‌జే అనే మగపిట్టల్ని తయారుచేసింది. తిరుగుబాటుదార్లు వాటికి అబద్ధాలు వినిపించేసరికి, చావనీ అని అడవిలో వదిలేసింది. అవి చావకుండా మాకింగ్‌బర్డ్‌లతో జతకట్టాయి. గూఢచారుల సంతానం పాటగాళ్లయింది! రూ చనిపోయినప్పుడు కాట్నిస్ ఆమెని పూలతో కప్పుతుంది. కాసేపటికి ఆకాశంలోంచి చిన్న పారాచూట్ దిగుతుంది. అందులో నెలవంక ఆకారంలో, పైన గింజలు చల్లిన రొట్టె. రూ జిల్లా జనం తమ కడుపులు మాడ్చుకుని పరాయి జిల్లా పిల్లకి పంపింది. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

బతకడానికి పడే పాట్లు కూడా ఎంత వివరంగా రాశారో! ఆటలో కాట్నిస్ చేతిలో సీసా ఉంటుంది, నీళ్లుండవు. దాహంతో తూలిపోతూ, బయటి నుంచి సాయం పంపగల గురువు హేమిచ్‌ని నీళ్లడుగుతుంది. రావు. కోపం వస్తుంది. అప్పుడు అర్థమవుతుంది, పంపడం లేదంటే నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయని. పాక్కుంటూ వెళ్లి చెరువు కనుక్కుంటుంది. గొంతు ఎండిపోతున్నా, అయోడిన్ చుక్కలు వేసి అరగంట ఆగుతుంది. ఆ అరగంట నా నోరు కూడా పిడచగట్టుకుపోయింది.

చివర్లో నైట్‌లాక్ అనే పళ్లొస్తాయి. విషం, మింగితే కడుపులోకి చేరేలోపే ప్రాణం పోతుంది. గుప్పెడు పళ్లతో ఆ పిల్ల కాపిటల్‌ని ఎలా ఇరకాటంలో పెడుతుందో నేను చెప్పను, మీరే చదవండి. చదివాక నాకు ఫోన్ చేయండి. 'క్యాచింగ్ ఫైర్', 'మాకింగ్‌జే' అని ఇంకో రెండు భాగాలున్నాయి. రెండోది ఈ రాత్రికే మొదలుపెడుతున్నాను.